రొయ్యపిల్లకి పీసీఆర్ టెస్టు: బరంపురం దగ్గరి ల్యాబు ఎలా ఉందంటే

ముందే చెప్పేస్తాను, డబ్బు దండగ కాదు. ఐదుకి నాలుగు ఇస్తాను. తగ్గించిన ఆ ఒక్కటీ మెషిన్‌ని చూసి కాదు, రిపోర్టు రాసే తీరు చూసి.

మాది సోనాపూర్ వైపు, బాహుదా సముద్రంలో కలిసే చోటికి దగ్గర. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా, చెరువు గట్టు మీద రెండూ. మావయ్యగారు టైగరు రొయ్య వేసేవారు, ఇప్పుడు మా ఆయనా మరిదీ కలిసి వనామీ రకం రొయ్య వేస్తున్నారు. ఖల్లికోట్ కాలేజీలో జువాలజీ చదివిన పాపానికి, ఏ మందు డబ్బా మీద ఏ అక్షరాలున్నా చదివిపెట్టమని నా దగ్గరికే పట్టుకొస్తారు. ల్యాబు పని కూడా అలాగే నా నెత్తిన పడింది.

ల్యాబు పేరు రాయడం లేదు. అక్కడ పనిచేసేవాళ్ళందరూ మాకు మొహం తెలిసినవాళ్ళే. మెచ్చుకుంటే ప్రచారం అంటారు, తిడితే కక్ష అంటారు. బరంపురం శివార్లలో మేత షాపు మీద మేడ, అంతవరకే చెప్తాను. అయినా ఇక్కడ రాసేవాటిలో చాలా మటుకు గంజాం నుంచి శ్రీకాకుళం దాకా మీరు వెళ్ళే ఏ పీసీఆర్ ల్యాబుకైనా పనికొస్తాయి.

అసలు ఈ టెస్టు ఎందుకు అనే పెద్దలు మా ఇంట్లోనూ ఉన్నారు. మావయ్యగారి రోజుల్లో పిల్లని తెల్ల పళ్ళెంలో పోసి, నీళ్ళని వేలితో గుండ్రంగా తిప్పేవారు. ఎదురీదితే మంచి పిల్ల, మధ్యలోకి కొట్టుకుపోతే నాసిరకం. అది ఇప్పటికీ మంచి పరీక్షే, నేనూ చేస్తాను. కానీ 1994, 95 ప్రాంతంలో తెల్లమచ్చ అనే వైరస్ జబ్బు మన తీరానికి వచ్చినప్పుడు ఎదురీదిన పిల్ల కూడా నిలవలేదు. రాత్రి మేత తిన్న రొయ్య పొద్దున్నకి గట్టు వారకి వచ్చేసేది. ఆ వైరస్ ఒకసారి చెరువులో లేచిందంటే మూడు నుంచి పది రోజుల్లో చెరువంతా తుడిచిపెట్టేస్తుంది, మందు లేదు. ఆ ఏడాది అమ్మిన బంగారం గురించి మా అత్తగారు ఇప్పటికీ తులాల లెక్కతో సహా చెప్తారు.

తెల్లమచ్చ కనీసం దొరలా ముందు గుమ్మంలోంచి వస్తుంది. ఇప్పుడు మమ్మల్ని తినేస్తున్నది ఈహెచ్‌పీ. అది వైరస్ కాదు, బాక్టీరియా కాదు, రొయ్య కాలేయంలో కూర్చునే మైక్రోస్పోరిడియన్ అనే సూక్ష్మజీవి. రొయ్యని చంపదు, ఎదగనివ్వదు. మేత బస్తాలు ఖాళీ అవుతూనే ఉంటాయి, మేత తింటున్నాయో లేదో చూసే చెక్ ట్రే ఎత్తితే ఒక రొయ్య వేలంత, పక్కది పుల్లంత. నెల దాటాక నమూనా వల వేసి తూకం చూసేదాకా విషయం బయటపడదు. అప్పటికి పెట్టుబడి సగం నీళ్ళలో ఉంటుంది. అందుకే పిల్ల వేయకముందే తెలుసుకోవాలి. ఒకసారి చెరువులోకి వచ్చిందా, దాని స్పోర్లు మట్టిలో ఉండిపోతాయి. వాటిని చంపాలంటే నేల ఎండగట్టి, దున్ని, హెక్టారుకి 6 టన్నుల కాల్చిన సున్నం వేసి తడిపి, మట్టి పీహెచ్ 12 దాకా లేపాలని చెప్తారు. ఎకరానికి దాదాపు 2.4 టన్నులు. ఆ సున్నం బిల్లు ముందు టెస్టు ఖర్చు ఏ మూలకి?

ల్యాబులో జరిగేది ఇది. పిల్లలని నూరి వాటి డీఎన్ఏ తీస్తారు. జబ్బు తాలూకు ఒక ముక్కని మాత్రమే గుర్తుపట్టే ప్రైమర్లు కలిపి మెషిన్‌లో పెడతారు. మిక్సీ కన్నా కొంచెం పెద్ద పెట్టె అది. 95 డిగ్రీలకి వేడెక్కించి, 55, 60కి దించి, మళ్ళీ 72కి ఎత్తుతుంది. ఇలా తిరిగిన ప్రతిసారీ ఆ ముక్క రెట్టింపు అవుతుంది. ఒక్క ముక్కతో మొదలైనా 30 రౌండ్లకి లెక్క ప్రకారం 107 కోట్లు దాటుతుంది. కారీ మలిస్ 1983లో కనిపెట్టాడు, 1993లో నోబెల్ ఇచ్చారు. కరోనాకి మన ముక్కులోంచి తీసినదానికి చేసిందీ దీని అన్నదమ్ముల పరీక్షే. ఈ మాట చెప్పాక మా మరిది ఎదురుమాట్లాడటం మానేశాడు.

మొదటిసారి వెళ్ళినప్పుడు, అలా పెరిగిన ముక్క గీతగా కనిపించే జెల్ చూపించమని అడిగాను. కాదనలేదు, లోపలికి రమ్మన్నారు. చీకటి పెట్టెలో యూవీ లైటు మీద పల్చటి జెల్లీ పలక. ఒక అంచున కొలత కోసం వేసిన లేడరు, వరసగా గీతలు. దాని పక్క గడిలో పాజిటివ్ కంట్రోలు, అంటే జబ్బు ఉందని ముందే తెలిసిన శాంపిల్, ఒకే ఒక్క గీత తళుక్కుమంటోంది. చిట్టచివరి గడిలో ఉత్త నీళ్ళు పోస్తారు, అది ఖాళీగా ఉండాలి. మాది మధ్యలో. మా గడి కన్నా ముందు నేను ఆ నీళ్ళ గడి చూశాను. అందులో గీత కనిపిస్తే ల్యాబులోనే ఏదో అంటుకుందని అర్థం, ఆ రోజు రిపోర్టులన్నీ పారేయాల్సిందే. నా చూపు ఎటుందో గమనించి ల్యాబ్ సారు నవ్వారు. ఆ నవ్వుకి అర మార్కు వేశాను. మీరు కూడా జెల్ ఫోటో అడగండి. ఇవ్వం అంటే ఇంకో ల్యాబు చూసుకోండి.

మెషిన్ బాగుంది, సారు బాగున్నారు. మరి పేచీ ఎక్కడంటే శాంపిల్ దగ్గర.

మా ప్రాంతంలో చాలామందికి పిల్ల ఆంధ్రాలో రొయ్యపిల్లని పుట్టించే హేచరీల నుంచే వస్తుంది. ఆర్డరు ఏజెంటు ద్వారా. టెస్టు అయిందా అంటే ఏజెంటు వాట్సాప్‌లో ఒక పీడీఎఫ్ పంపిస్తాడు, అన్నీ నెగటివ్. ఏ ల్యాబు రిపోర్టైనా కింద చిన్న అక్షరాల్లో ఏముందో చదవండి: ఈ ఫలితం మాకు అందిన శాంపిల్‌కి మాత్రమే వర్తిస్తుంది అని ఉంటుంది. ఆ శాంపిల్ ఎవరు తీశారు, ఏ ట్యాంకులోంచి తీశారు, మన లారీలోకి ఎక్కింది ఆ ట్యాంకు పిల్లేనా, ఇవేవీ ల్యాబుకి తెలియవు. పది ట్యాంకులున్న చోట మంచి ట్యాంకు పిల్లతో టెస్టు చేయించి, ఆ కాగితంతో మిగతా తొమ్మిదీ అమ్మేస్తానంటే ఆపేవాడు లేడు. అందరూ అలా చేస్తారని అనడం లేదు. చేస్తే మనకి తెలిసే దారి లేదు అంటున్నాను.

కిందటి వేసవి పంటకి నేనే బయల్దేరాను. హేచరీ పేరు వద్దు. టెక్నీషియన్ కుర్రాడు మర్యాదగానే ఉన్నాడు, "మేడమ్, ఎస్పీఎఫ్ బ్రూడర్ల పిల్లలండి, టెస్టు దేనికండి" అన్నాడు. ఈ ఎస్పీఎఫ్ గొడవ చాలామందికి సగమే తెలుసు. మన దేశంలో వనామీకి 2009లో అనుమతి ఇచ్చారు. బయటి దేశాల నుంచి వచ్చే తల్లి రొయ్యలు, అంటే బ్రూడర్లు, చెన్నై నీలాంకరైలోని క్వారంటైన్ కేంద్రంలో ఉండి, పరీక్ష అయ్యాకే హేచరీలకి వెళ్తాయి. అంతవరకు పద్ధతి గట్టిదే. కానీ ఎస్పీఎఫ్ అంటే ఒక జాబితాలో ఉన్న జబ్బులు ఆ తల్లికి లేవని మాత్రమే. దాని పిల్లకి జబ్బు రాదని కాదు, తట్టుకుంటుందనీ కాదు. తల్లి హేచరీలో దిగాక తినే పురుగు, తాగే నీరు, తిరిగే వలలు అన్నీ కొత్తవి. అన్నట్టు, ఈహెచ్‌పీకి థాయ్‌లాండ్‌లో శాస్త్రీయంగా పేరు పెట్టింది కూడా ఆ 2009లోనే.

ఆ కుర్రాడు మగ్గు తీసుకుని ట్యాంకు పైన, గాలిరాయి దగ్గర, చలాకీగా తిరుగుతున్న పిల్లని ముంచబోయాడు. ఆపాను. నీరసించిన పిల్ల పైకి రాదు, అడుగునా మూలల్లోనూ ఉంటుంది. జబ్బు ఉంటే ముందు దొరికేది అందులోనే. నాలుగు మూలల నుంచీ, అడుగు నుంచీ తీయించాను. ఎన్ని తీయాలో కూడా లెక్క ఉంది. ట్యాంకులో నూటికి రెండు పిల్లలకి జబ్బు ఉంటే, 95 శాతం నమ్మకంతో అది మన చేతికి చిక్కాలంటే 150 పిల్లలు కావాలి. నూటికి ఐదు ఉంటే 60 చాలు. చిటికెడు పిల్ల సీసాలో వేసి పంపించి నెగటివ్ అని సంబరపడితే ఏం లాభం? పైగా, కొన్ని పిల్లలని పక్కకి తీసి ఉప్పు ఒక్కసారిగా సగానికి దించిన నీళ్ళలో కాసేపు ఉంచమన్నాను. ఆ ఒత్తిడికి తట్టుకునేది ఎంతో తెలుస్తుంది, లోపల అణిగి ఉన్న తెల్లమచ్చ వైరస్ కూడా పరీక్షకి అందేంత పెరిగే అవకాశం ఉంటుంది. కుర్రాడు విసుక్కున్నాడు, కానీ చేశాడు. అలా రెండు ట్యాంకుల నుంచి విడివిడిగా శాంపిల్ తీసుకున్నాను, సీసాల మీద ట్యాంకు నంబరు నా చేత్తో నేనే రాశాను.

ఇక్కడ మా ల్యాబుకి దండం పెట్టాలి. 95 శాతం ఇథనాల్ పోసిన సీసాలు వాళ్ళే ముందుగా ఇస్తారు. పిల్ల ఒక వంతైతే స్పిరిట్ పది వంతులు ఉండాలని గీత గీసి మరీ ఇచ్చారు. ఫార్మలిన్‌లో మాత్రం వేయొద్దని సీసా మీద ఒడియాలోనూ తెలుగులోనూ అంటించారు. ఫార్మలిన్ డీఎన్ఏని పాడు చేస్తుంది, పీసీఆర్‌కి పనికిరాదు. సైజు పెరిగిన రొయ్య తెస్తే కళ్ళు తీసేసి నూరతారు. కంట్లో ఉండే పదార్థం పరీక్షని అడ్డుకుంటుందట. తెల్లమచ్చకి మొప్పలు, ఈత కాళ్ళు తీసుకుంటారు, ఈహెచ్‌పీకి కాలేయం. ఇదంతా కౌంటర్లో కూర్చున్న అబ్బాయి గడగడా చెప్పేశాడు.

ఫలితం ఏమయిందంటే, ఒక ట్యాంకు శుభ్రం. రెండో ట్యాంకులో ఈహెచ్‌పీ, మొదటి అంచెలో లేదు, రెండో అంచెలో గీత పడింది. నెస్టెడ్ పీసీఆర్ అంటే రెండు అంచెలు. మొదటి అంచెలోనే పడితే జబ్బు గట్టిగా ఉన్నట్టు, రెండో దాంట్లో పడితే కొంచెం ఉన్నట్టు. "కొంచెమే కదండీ, పీఎల్-10 దాకా బాగానే వచ్చింది" అని ఏజెంటు ఫోన్లో బతిమాలాడు. పీఎల్-10 అంటే పోస్ట్ లార్వా దశలో పదో రోజు పిల్ల. ఈహెచ్‌పీ రెట్టల ద్వారా, చచ్చినవాటిని బతికినవి తినడం ద్వారా చెరువంతా పాకుతుంది. ఆ కొంచెం నాలుగు వారాలయ్యాక ఎంతవుతుందో అతనికీ తెలుసు. మేము మొదటి ట్యాంకే తీసుకున్నాం. రెండో ట్యాంకు పిల్లని పారబోశారా, ఎవరి చెరువుకైనా పంపారా అని అడిగితే అతను మాట దాటేశాడు. ల్యాబుకి ఆ సంగతి ఎవరికీ చెప్పే పద్ధతి లేదు, రిపోర్టు డబ్బు కట్టినవాడిది. ఈ విషయం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ఇక తిట్లు.

ఒకటి, రిపోర్టులో ఉత్త నెగటివ్, పాజిటివ్ అని కొట్టి వదిలేస్తారు. రియల్ టైమ్ మెషిన్ మీద చేసినప్పుడు సీటీ అని ఒక అంకె వస్తుంది, ఎన్నో రౌండులో జబ్బు కనిపించిందో అది. అంకె ఎంత చిన్నదైతే జబ్బు అంత ఎక్కువ. సుమారు 3.3 తేడా అంటే పది రెట్లు. సీటీ 20 వచ్చినవాడికీ 36 వచ్చినవాడికీ ఒకే "పాజిటివ్" కాగితం చేతిలో పెడితే ఎలా? అడిగితే చెప్తారు, అడగకపోతే లేదు. ఇంగ్లీషు రిపోర్టు చూసి అడగాలని ఎంతమంది రైతులకి తోస్తుంది?

రిపోర్టులో ఒకసారి ట్యాంకు నంబరు తప్పు కొట్టారు కూడా. నేను సీసా మీద రాసినదాన్ని ఫోటో తీసి పెట్టుకున్నాను కాబట్టి సరిపోయింది. దిద్ది పంపారు, సారీ చెప్పారు. కానీ మొత్తం వ్యవహారం నిలబడేది ఆ నంబరు మీదే.

ఇంకో సంగతి. ఈహెచ్‌పీకి ఏ జన్యువు మీద ప్రైమరు వాడుతున్నారో అడగండి. పాత పద్ధతిలో రైబోజోము జన్యువు చూస్తారు, అది దీని చుట్టాలైన వేరే సూక్ష్మజీవులకి కూడా పాజిటివ్ చూపించవచ్చు. స్పోరు గోడ ప్రొటీను జన్యువు మీద చేసేది ఖచ్చితమైనది. మా ల్యాబు రెండోదే వాడుతోంది, ఆ మాట రిపోర్టులో ఎందుకు రాయరో అర్థం కాదు. అలాగే అన్ని వైరస్‌లూ డీఎన్ఏ కాదు. కండ తెల్లబడే ఐఎంఎన్‌వీ లాంటివి ఆర్ఎన్ఏ, వాటికి ఇంకో మెట్టు పరీక్ష, డబ్బు వేరే. "ఫుల్ ప్యానెల్" అని బోర్డు మీద పెద్ద అక్షరాలు చూసి మోసపోకండి, అందులో ఏవేవి ఉన్నాయో పేరు పేరునా అడగండి.

టైము విషయం: పొద్దున్న ఇస్తే సాయంత్రానికి అంటారు. నిజానికి నాలుగైదు శాంపిల్స్ పోగయ్యాక మెషిన్ నడుపుతారు. సీజన్లో అదే రోజు వచ్చేస్తుంది, మిగతా రోజుల్లో మర్నాడు. అవతల హేచరీ వాడు ప్యాకింగ్‌కి తొందర పెడుతుంటాడు, ఇవతల వీళ్ళు రాదు, మనకి టెన్షన్.

బెంచీ మీద కూర్చుని ఎదురుచూసే ఆ టైములో కాలక్షేపానికి మాత్రం లోటు లేదు. గజపతి, రాయగడ వైపు నుంచి మంచినీటి చేపల రైతులు కూడా వస్తారు. గోడ మీద జయంతి రోహు పోస్టరు ఉంది. భువనేశ్వర్ పక్కన కౌసల్యాగంగలో ఉన్న మంచినీటి చేపల పెంపక పరిశోధన సంస్థ సీఫా వాళ్ళు నార్వే సంస్థతో కలిసి, వేరు వేరు నదుల రోహుని తెచ్చి, బాగా ఎదిగినవాటిని తరతరానికీ ఏరి తయారు చేసిన రకం. తరానికి సగటున 17 శాతం ఎదుగుదల పెరిగిందని చెప్తారు. పర్లాకిమిడి నుంచి వచ్చిన ఒక పెద్దాయన ఆ పోస్టరు చూసి, "ఏటమ్మా, ఇది ఇంజెక్షన్ చేపేనా? తినొచ్చా?" అన్నాడు. జయంతిలో జన్యువు కోసి అతికించింది ఏమీ లేదు బాబూ, మంచి ఎద్దుని చూసి దూడలు వేయించినట్టే అన్నాను. ఇంజెక్షన్ మాటకొస్తే, ఆయన చెరువులో ఉన్న మామూలు రోహు కూడా ఇంజెక్షన్ పిల్లే. 1957లో మన ఒడిశాలోనే హీరాలాల్ చౌధురి, అలికున్హి కలిసి పిట్యూటరీ రసం ఎక్కించి కార్పు చేపల చేత గుడ్లు పెట్టించారు. అందుకే జూలై 10న చేపల రైతుల దినం చేస్తారు. అంతకుముందు చాలా మటుకు నదుల్లో వల పట్టి పిల్ల ఏరుకోవడమే. పెద్దాయన కాసేపు ఆలోచించి, "అయితే అరవయ్యేళ్ళ బట్టీ తింటన్నాం" అన్నాడు.

ఈ ల్యాబులో నాకు అన్నిటికన్నా నచ్చింది పీసీఆర్ కాదు, పదో వంతు ఖరీదు కూడా లేని, విబ్రియో అనే బాక్టీరియాని చూసే ప్లేటు. చెరువు నీళ్ళు ఒక బొట్టు ఆకుపచ్చటి టీసీబీఎస్ జెల్లీ మీద పూసి మర్నాడు చూస్తారు. పసుపు చుక్కలు, ఆకుపచ్చ చుక్కలు లేస్తాయి. చక్కెరని తినేవి పసుపు, తిననివి పచ్చ. విబ్రియోల్లో పారాహీమోలిటికస్ అనేది పచ్చగా లేస్తుంది. పచ్చ చుక్క కనిపించిందల్లా చావుకబురు కాదు. చిన్న వయసులోనే రొయ్యని చంపే ఈఎంఎస్‌కి కారణం ఆ బాక్టీరియాలోనూ విషపు జన్యువులు ఉన్న కొన్ని రకాలే, అవి ఉన్నాయో లేవో మళ్ళీ పీసీఆరే చెప్పాలి. కానీ వారం వారం ప్లేటు చూస్తుంటే చెరువు ఎటు పోతోందో తెలుస్తుంది. ఒకసారి డీలరు అంటగట్టిన "బయో" పౌడరు ప్యాకెట్టుని కూడా ఇలాగే పెంచి చూడమని ఇచ్చాను. గ్రాముకి కోట్ల బాసిల్లస్ (మేలు చేసే బాక్టీరియా) అని ప్యాకెట్టు మీద ఉంది. ప్లేటు మీద లేచినవి వేళ్ళ మీద లెక్కపెట్టేలా ఉన్నాయి. మా ఆయన ఆ ప్లేటు ఫోటో చూపించాక డీలరు మిగతా ప్యాకెట్లు వెనక్కి తీసుకున్నాడు. ల్యాబు ఖర్చు ఆ ఒక్క దెబ్బతో వచ్చేసింది.

పంట ఎలా ఉందని అడుగుతారు కాబట్టి: ఎదుగుదల సమానంగా వచ్చింది, జబ్బుకి గుర్తైన తెల్ల రెట్టలు కనిపించలేదు. ఇదంతా టెస్టు పుణ్యమే అని చెప్పను. పీతలు గట్టెక్కి రాకుండా నెట్టు కట్టాం, కాకులకి దారాలు లాగాం, బ్లీచింగ్ చేసిన నీళ్ళే ఎక్కించాం. పిల్ల ఎంత శుభ్రంగా ఉన్నా పక్క చెరువులోంచి ఒక పీత నడిచొస్తే తెల్లమచ్చ వచ్చేస్తుంది, దానికి రిపోర్టు అడ్డుపడదు. ఎకరానికి లెక్కేస్తే, రెండు జబ్బులకి చేయించిన టెస్టు ఖర్చు ఆఖరి నెలలో ఒక్కరోజు మేతలో సగం కూడా కాలేదు.

వెళ్ళేవాళ్ళకి: ఆదివారం మూత. బరంపురం అమ్మవారి జాతర, ఠాకురాణి యాత్ర రోజుల్లో ఊళ్ళోంచి వెళ్ళకండి, హైవే మీదుగా తిరిగి రండి. బతికున్న పిల్ల తెస్తే ఆక్సిజన్ కవర్లో, థర్మాకోల్ పెట్టెలో, మధ్యాహ్నం ఎండకి ముందే తెచ్చేయండి. సీసాలు రెండు రోజుల ముందు తెచ్చుకోండి, రసీదు మీద ట్యాంకు నంబరు రాయించుకోండి. డబ్బు కట్టేటప్పుడే సీటీ అంకె, జెల్ ఫోటో కావాలని చెప్పండి, తర్వాత అడిగితే వెతికి పంపడానికి వారం పడుతుంది. లిఫ్టు లేదు, మెట్లు ఏటవాలుగా ఉంటాయి, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు కింద మేత షాపులో చెప్తే అబ్బాయే దిగి వచ్చి శాంపిల్ తీసుకుంటాడు.